నాకు మతిమరుపు జబ్బు మొదలైందా, నిద్ర చాలకనా?

హైదరాబాద్ విద్యానగర్‌లో ఉంటున్న 69 ఏళ్ల రిటైర్డ్ లెక్కల టీచరు రాసిన పొడవాటి ఉత్తరం ఇది. పేరు వెయ్యొద్దన్నారు. ఆమె భర్తకు 76 ఏళ్లు. రెండేళ్ల కిందట పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి, ఎడమ కాలు బలహీనపడ్డాయి. పగలు వంటకు, పనికి మనిషి వస్తుంది. వారానికి మూడు రోజులు ఫిజియోథెరపీ అబ్బాయి వస్తాడు. రాత్రి మాత్రం అంతా ఈమే. ఆయన మూత్రానికి రాత్రికి మూడు, నాలుగు సార్లు లేస్తారు. పట్టుకుని బాత్రూముకు తీసుకెళ్లి, తీసుకొచ్చి పడుకోబెట్టేసరికి ఈమె నిద్ర తేలిపోతుంది. మళ్లీ కన్ను మూతపడే వేళకు ఇంకో పిలుపు. "గడియారం చూడకుండానే ఇప్పుడు రెండున్నర అయిందని చెప్పగలను" అని రాశారు.

ఇంటి దగ్గర మెడికల్ షాపులో నిద్రకు మందు అడిగితే అల్‌ప్రాజోలం 0.5 మిల్లీగ్రాముల మాత్ర ఇచ్చారట. నాలుగు నెలలుగా దాదాపు రోజూ వేసుకుంటున్నారు. ఒక రాత్రి ఆ మగతలో ఆయన పిలిచింది వినపడలేదు. ఆయన సొంతంగా లేవబోయి మంచం పక్కన జారిపోయారు. తెల్లవారుజామున ఐదింటి దాకా నేల మీదే ఉన్నారు. దెబ్బలేమీ తగల్లేదు. ఆయన ఒక్క మాట కూడా అనలేదట. అదే ఈమెను ఎక్కువ బాధపెడుతోంది.

మరోపక్క ఈమెకే ఒంటి మీద పట్టు తప్పుతోంది. నల్లకుంటలో కూరగాయలు కొంటూ తూలిపోతే కొట్టు మనిషి పట్టుకున్నాడు. మూడు వారాల కిందట బాత్రూములో తూలి, తల గోడకు కొట్టుకుని బొప్పి కట్టింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. పొయ్యి మీద పాలు మరచిపోయారు. ఆయన బీపీ మాత్ర ఉదయం ఒకసారి ఇచ్చి, గంట తిరక్కుండా మళ్లీ ఇచ్చారు. న్యూజెర్సీలో ఉన్న అమ్మాయికి ఒకే కబురు రెండుసార్లు చెప్పారు. "అమ్మా, మెమరీ టెస్టు చేయించుకో" అని అమ్మాయి పోరు పెడుతోంది, నిద్ర తక్కువైతే డిమెన్షియా (మతిమరుపు జబ్బు) వస్తుందన్న వ్యాసం ఒకటి వాట్సాప్‌లో పంపింది కూడా. కొండాపూర్‌లో ఉన్న అబ్బాయి ఫ్లాటు అమ్మేసి తన దగ్గరికి వచ్చెయ్యమంటున్నాడు. ఈమెకు పన్నెండేళ్లుగా షుగరు ఉంది. మెట్‌ఫార్మిన్, గుండె కోసం ఆస్పిరిన్ వాడతారు.

ఇది మతిమరుపు జబ్బేనా? నిద్రమాత్ర ఆపెయ్యాలా? జరిగినవన్నీ పిల్లలకు చెప్పాలా? మానేసిన సుందరయ్య పార్కు నడక మళ్లీ మొదలుపెట్టవచ్చా? ఇవీ ఆమె ప్రశ్నలు.

టీచరుగారూ, నమస్కారం.

అన్నిటికన్నా ముందు తల దెబ్బ సంగతి. మీరు దాన్ని ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు. చదువుతుంటే నాకు ఎక్కువ టెన్షన్ పెట్టింది ఆ వాక్యమే. వయసు పైబడ్డాక మెదడు కొద్దిగా కుంచించుకుపోతుంది. దాని పైపొరల్లో ఉండే సన్నని రక్తనాళాలు సాగినట్టు ఉంటాయి. చిన్న దెబ్బకే అవి చిట్లి, రక్తం మెల్లగా చేరి, కొన్ని వారాల తర్వాత మెదడును నొక్కడం మొదలుపెట్టవచ్చు. అప్పటికి బొప్పి తగ్గిపోయి ఉంటుంది, ఆ రెంటినీ కలిపి ఎవరూ ఆలోచించరు. పైగా మీరు ఆస్పిరిన్ వాడుతున్నారు. తూలడం, మరపు, మగత ఈ మూడూ అలా చేరిన రక్తం వల్ల కూడా రావచ్చు. అందుకని ఒకటి రెండు రోజుల్లోనే డాక్టరును కలిసి, దెబ్బ సంగతి, ఆస్పిరిన్ సంగతి ముందుగా చెప్పి, తలకు సీటీ స్కాన్ తియ్యాలేమో అడగండి. గాంధీ ఆసుపత్రి మీకు దూరం కాదు, మీకు అలవాటైన ఆసుపత్రైనా సరే. తలనొప్పి రోజురోజుకీ పెరుగుతున్నా, వాంతులవుతున్నా, మాట తడబడినా, ఒక పక్క బలం తగ్గినా, మామూలు కన్నా ఎక్కువ మత్తుగా ఉన్నా అపాయింట్‌మెంటు కోసం చూడకండి, 108కి ఫోన్ చెయ్యండి. స్కాన్‌లో ఏమీ లేకపోతే మిగతా సంగతులు నింపాదిగా చూసుకోవచ్చు.

ఇప్పుడు మీ భయం దగ్గరికి వస్తాను. డీఏ బకాయిల లెక్క కాగితం లేకుండా మనసులోనే వేసుకుని, ఖాతాలో పడిన డబ్బులో తేడా పట్టుకున్నానని రాశారు. బీపీ మాత్ర ఇచ్చానో లేదో మాత్రం గుర్తుండలేదన్నారు. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. మాత్ర ఇవ్వడం రోజూ చేసే పని, చేతులు వాటంతటవే చేసేస్తాయి. ఫలానా రోజు ఇచ్చినట్టు గుర్తుండాలంటే ఆ నిమిషంలో మనసు అక్కడ ఉండాలి. నిద్ర లేనివాళ్లకు మొదట దెబ్బతినేది ఆ ఏకాగ్రతే. విషయం లోపలికి వెళ్లనే లేదు, ఇక బయటికి ఎక్కడినుంచి వస్తుంది? అమ్మాయికి చెప్పిన కబురే మళ్లీ చెప్పడం కూడా చాలావరకు ఇలాంటిదే కావచ్చు.

మీరు మొత్తం ఐదారు గంటలు మంచం మీదే ఉంటున్నాననీ, అది చాలదా అనీ అడిగారు. పెద్దవాళ్లకు నిద్ర తక్కువ సరిపోతుందని మన ఇళ్లలో అంటారు గానీ అది నిజం కాదు. 65 దాటినవాళ్లకు కూడా ఏడు, ఎనిమిది గంటలు కావాలి. తగ్గేది నిద్ర అవసరం కాదు, ఒకే పట్టున నిద్రపోయే శక్తి. గాఢనిద్ర వయసుతో తగ్గుతుంది, ఉన్న ఆ కాస్త కూడా ఎక్కువగా రాత్రి మొదటి భాగంలోనే పడుతుంది. పగలు నేర్చుకున్నవి, విన్నవి మెదడు స్థిరపరచుకునేది ఎక్కువగా ఆ వేళలోనే. మీరు పదిన్నరకు పడుకుంటే పన్నెండున్నరకు మొదటి పిలుపు. అంటే మీకు దక్కాల్సిన మంచి నిద్రే ముక్కలవుతోంది. లేచిన ప్రతిసారీ మళ్లీ తేలిక నిద్ర నుంచి మొదలుపెట్టాలి. గంటల లెక్కలో ఐదారు కనిపించినా అది ఐదారు గంటల నిద్ర కాదు. ఈ మొదటి భాగం సంగతి గుర్తుపెట్టుకోండి, కింద దీనితోనే పని ఉంది.

నిద్రలేమి మెదడును ఎంత మందగింపజేస్తుందో చెప్పడానికి 1997లో ఆస్ట్రేలియాలో ఒక పరీక్ష చేశారు. 17 గంటలు మేలుకుని ఉన్నవాళ్ల చేతికీ కంటికీ మధ్య సమన్వయం, 100 మిల్లీలీటర్ల రక్తంలో 50 మిల్లీగ్రాముల మద్యం ఉన్నవాళ్ల స్థాయికి పడిపోయింది. మన దగ్గర బండి నడిపేవాళ్లకు చట్టం పెట్టిన పరిమితి 30 మిల్లీగ్రాములే. మీరు రెండేళ్లుగా రాత్రులు మేలుకుంటూ, పగలు పొయ్యి దగ్గర, తడి బాత్రూములో, మందుల డబ్బా ముందు నిలబడుతున్నారు. ఇన్నాళ్లూ ఇంతకన్నా పెద్ద ప్రమాదం జరగకుండా నెట్టుకొచ్చారంటే నాకు మీ మీద గౌరవమే కలుగుతోంది.

అమ్మాయి పంపిన వ్యాసంలో చెప్పింది బహుశా బ్రిటన్‌లో ప్రభుత్వోద్యోగుల మీద చాలా ఏళ్లు సాగిన వైట్‌హాల్ అధ్యయనం గురించి అయి ఉంటుంది. 2021లో ప్రచురించిన ఫలితాల ప్రకారం 50, 60, 70 ఏళ్ల వయసుల్లో వరసగా ఆరు గంటలు లేదా అంతకన్నా తక్కువ నిద్రపోయినవాళ్లలో డిమెన్షియా దాదాపు 30 శాతం ఎక్కువ కనబడింది. అది ఇరవయ్యేళ్ల పాటు సాగిన తక్కువ నిద్ర గురించి. రెంటికీ సంబంధం కనబడిందన్నారు గానీ ఒకటి రెండోదానికి కారణమని తేల్చలేదు. రెండేళ్ల కష్టంతో మీ భవిష్యత్తు ఖాయమైపోయిందని దాని అర్థం కాదు. ఆ వ్యాసం ఫోన్‌లోంచి తీసెయ్యండి.

అలాగని మీకు ఏమీ లేదని ఇక్కడ కూర్చుని నేను చెప్పలేను. మీ కాలనీ వీధుల్లోనే దారి తప్పినా, ఏళ్ల తరబడి చేస్తున్న పులుసు ఎలా పెట్టాలో తోచకపోయినా, తెలిసిన మాటలు నోటికి రాకపోయినా, లెక్కల్లో తికమక మొదలైనా, లేనివి కనబడినా ఆలస్యం చెయ్యకూడదు. మెమరీ టెస్టుకు రెండు దారులున్నాయి. ఇప్పుడే చేయించుకుంటే పిల్లల ఆందోళన తగ్గుతుంది, తర్వాత పోల్చుకోవడానికి ఒక లెక్క ఉంటుంది. కానీ నిద్ర లేకుండా, మాత్ర మత్తులో రాస్తే మార్కులు అసలు కన్నా తక్కువ వస్తాయి. ఆ కాగితం చూసి మీరు కుంగిపోతారని నా భయం. నిద్ర కాస్త కుదుటపడ్డాక, రెండు నెలల తర్వాత చేయించుకుంటే నమ్మదగిన ఫలితం వస్తుంది. స్కాన్ బాగుంటే నేనైతే రెండోదే ఎంచుకుంటాను. ఇప్పుడే చేయించుకోవాలనిపిస్తే డాక్టరుకు నిద్ర సంగతి, మాత్ర సంగతి రెండూ చెప్పండి.

మెమరీ టెస్టు తర్వాత చేయించుకున్నా సరే, రక్తపరీక్షలు మాత్రం ఇప్పుడే. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవాళ్లలో విటమిన్ బీ12 తగ్గవచ్చు. అది తగ్గితే మరపూ వస్తుంది, అరికాళ్ల స్పర్శా పోతుంది. అరికాళ్లు మొద్దుబారినట్టు ఉంటున్నాయని మీరే రాశారు కదా. దానితోపాటు థైరాయిడ్, సోడియం, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగరు సగటు) చూపించండి. ఇవన్నీ సరిచేయగలిగిన లోపాలే.

తూలడం గురించి. మనం నిటారుగా నిలబడటానికి కళ్లు, లోపలి చెవి, కాళ్లు ఈ మూడూ కబుర్లు పంపాలి, మెదడు వాటిని కలిపి చూసుకుని ఒంటిని సర్దాలి. ఈ సర్దడం చిన్నతనంలో దానంతటదే జరిగిపోతుంది. పెద్దయ్యాక దానికి కొంత ధ్యాస కూడా కావాలి. స్వీడన్‌లో 1997లో పెద్దవాళ్లను గమనిస్తే, నడుస్తూ ఎవరైనా మాట్లాడిస్తే ఆగిపోయేవాళ్లు తర్వాత ఎక్కువగా పడిపోయినట్టు తేలింది. నడకకే ధ్యాసంతా సరిపోతోందన్నమాట. ఇక మీ రాత్రి చూడండి. చీకట్లో కళ్ల సాయం లేదు. షుగరు వల్ల కాళ్ల కబురు సరిగా అందడం లేదు. గాఢనిద్ర నుంచి ఉలిక్కిపడి లేచారు కాబట్టి మెదడు పూర్తిగా మేలుకోవడానికి పదిహేను, ఇరవై నిమిషాలైనా పడుతుంది. దాని మీద మాత్ర మత్తు. ఇంత పెట్టుకుని మీ కన్నా బరువున్న మనిషిని భుజం మీద మోస్తున్నారు. మీరు పడితే ఇద్దరూ పడతారు.

ఒక్కసారి బీపీ పడుకుని ఉన్నప్పుడూ, లేచి నిలబడ్డాక మూడు నిమిషాల లోపూ చూడమని డాక్టరును అడగండి. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ పడిపోతే లేచినప్పుడు తూలడానికి అదొక కారణం. మీ వారికి కూడా చూడాలి. అప్పటిదాకా మంచం అంచున కూర్చుని, పాదాలు నాలుగైదుసార్లు ఆడించి, ఆ తర్వాతే లేవండి. ఆయన కేక విన్నా సరే.

ఇక నిద్రమాత్ర. ఆపెయ్యాలా అని అడిగారు. ఆపాలి, కానీ రేపు రాత్రి కాదు. నాలుగు నెలలు రోజూ వేసుకున్నాక ఒక్కసారిగా మానేస్తే నిద్ర ఇంకా చెడుతుంది, గుండె దడ, వణుకు, ఒక్కోసారి ఫిట్స్ కూడా రావచ్చు. డాక్టరు చెప్పిన లెక్క ప్రకారం కొన్ని వారాల మీద కొంచెం కొంచెం తగ్గించుకుంటూ రావాలి. పెద్దవాళ్లలో ఈ మందు సగం కరగడానికే 16 గంటల దాకా పడుతుంది. అంటే రాత్రి పదింటికి వేసుకున్నది మర్నాడు మధ్యాహ్నం కూరల కొట్టు దగ్గర కూడా మీ ఒంట్లో ఉంది. వృద్ధులకు ఈ రకం నిద్రమాత్రలు సాధ్యమైనంతవరకు ఇవ్వొద్దని అమెరికా వృద్ధుల వైద్య సంఘం డాక్టర్లకు ఇచ్చే జాబితాలో ఉంది. కారణాలుగా చెప్పినవి మీరు రాసినవే: పడిపోవడం, ఎముకలు విరగడం, తికమక. మన దేశంలో 2014 నుంచి ఇది చీటీ లేకుండా అమ్మకూడని హెచ్1 జాబితాలో ఉంది. షాపతను మీకు సాయం చేద్దామనే ఇచ్చి ఉంటాడు, మీరూ ఇంకో దారి లేకే అడిగారు. అయినా ఇక అక్కడ తీసుకోవద్దు. దీనికి బదులు నిద్ర వస్తుందని జలుబు, అలర్జీ మాత్రలు వేసుకోవడం అంతకన్నా మంచిది కాదు, వాటిలో పాతరకంవి పెద్దవాళ్లలో మరపు పెంచుతాయి.

మాత్ర తగ్గించే వారాల్లో కొన్ని రాత్రులు చెడుగా గడుస్తాయి. ముందే తెలిస్తే "ఇక నాకు మాత్ర లేకుండా నిద్ర రాదు" అని దిగులుపడరు. ఆ వారాల్లో మీకు రాత్రి డ్యూటీ లేకుండా చూసుకోగలిగితే సగం పని అయినట్టే.

అసలు ముడి అక్కడే ఉంది. మీది నిద్రపట్టని జబ్బు కాదు, నిద్రపోనివ్వని పరిస్థితి. పరిస్థితిని మార్చకుండా మీ ఒంటికి మందు వేస్తే మొన్న జరిగిందే మళ్లీ జరుగుతుంది.

మొదట ఆ మూడు, నాలుగు పిలుపుల్ని తగ్గించవచ్చేమో చూద్దాం. 76 ఏళ్ల మగవారు రాత్రి అన్నిసార్లు లేవడానికి కారణాలు వెతకాలి. ప్రోస్టేట్ పెరిగి ఉండవచ్చు. బీపీ మందుల్లో మూత్రం ఎక్కువ చేసేది ఉంటే, దాన్ని సాయంత్రం బదులు ఉదయం ఇవ్వవచ్చేమో డాక్టరును అడగండి. సాయంత్రానికి ఆయన పాదాలు వాస్తే, ఆ నీరంతా పడుకున్నాక తిరిగి రక్తంలోకి చేరి మూత్రంగా వస్తుంది. మధ్యాహ్నం ఓ గంట కాళ్లు దిండు మీద ఎత్తి పెట్టి పడుకుంటే కొంత తగ్గుతుంది. సాయంత్రం ఆరు తర్వాత టీ వద్దు, నీళ్లు పగలే ఎక్కువ తాగించండి. ఆయన గురక గట్టిగా ఉండి, మధ్యలో ఊపిరి ఆగినట్టు అనిపిస్తుందా? పక్షవాతం వచ్చినవాళ్లలో స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగి ఆగి ఆడే జబ్బు) చాలామందికి ఉంటుంది. దానివల్ల కూడా రాత్రి మూత్రం ఎక్కువవుతుంది, బీపీ అదుపు తప్పుతుంది. స్లీప్ స్టడీ చేయించి, అవసరమైతే నిద్రలో ఊపిరి ఆగకుండా గాలి పంపే సీపాప్ మెషిన్ పెడితే ఆయనకూ మీకూ మేలు.

ఆ తర్వాత, ప్రతిసారీ బాత్రూము దాకా వెళ్లాల్సిన పని లేదు. మంచం పక్కన యూరిన్ పాట్, లేదా కమోడ్ కుర్చీ పెట్టండి. కుడిచెయ్యి బాగానే ఉంది కాబట్టి యూరిన్ పాట్ ఆయనే వాడుకోగలరు. డైపరు మాట ఎత్తితే ఆయన మొహం తిప్పుకుంటున్నారని రాశారు. రోజూ వద్దు. మీకు ఒంట్లో బాగాలేని రాత్రికి అది ఉందన్న ధైర్యం ఉంటే చాలు. ఆయన చేతికి అందేలా రిమోట్ కాలింగ్ బెల్ ఒకటి కట్టండి, అప్పుడు మీరు పక్కగదిలో తలుపు తీసుకుని పడుకోవచ్చు. ఒకే మంచం మీద ఆయన కదిలినప్పుడల్లా మీకు మెలకువ వస్తోంది.

ఇన్ని చేసినా ఒకటి రెండు పిలుపులు మిగులుతాయి. వాటికి మనిషి కావాలి. నైట్ అటెండెంట్‌ను పెట్టుకుంటే మీకు పూర్తి నిద్ర దొరుకుతుంది. ఖర్చు ఉంటుంది, కొత్త మనిషిని ఇంట్లో ఉంచుకోవాలి, ఆయనకు మొదట్లో సిగ్గుగా ఉంటుంది. పోలీస్ వెరిఫికేషన్ చేయించండి, మొదటి కొన్ని రాత్రులు అబ్బాయిని కూడా ఉండమనండి. వారానికి మూడు రాత్రులే పెట్టుకున్నా తేడా తెలుస్తుంది. వృద్ధుల సాయానికి ప్రభుత్వ ఎల్డర్‌లైన్ నంబరు 14567 ఉంది, సలహా కోసం ఫోన్ చెయ్యవచ్చు.

మీ ఉత్తరంలోనే నాకు ఇంకో దారి కనబడింది. మీ అబ్బాయి యూఎస్ షిఫ్టులో రాత్రి రెండింటి దాకా ఇంటినుంచే పని చేస్తాడన్నారు. వారానికి రెండు రాత్రులు ఆ ల్యాప్‌టాప్ విద్యానగర్ హాల్లో పెట్టుకుని పని చెయ్యమని అడగండి. ఎలాగూ మేలుకునే ఉంటాడు. నాన్న పిలిస్తే అతను వెళ్తాడు. మీరు తొమ్మిదిన్నరకు పడుకుంటే రెండింటి దాకా మీకు గాఢనిద్ర దక్కుతుంది. మొదటి భాగం గుర్తుపెట్టుకోమన్నది ఇందుకే. రెండు తర్వాత ఒకసారి లేచినా నష్టం తక్కువ. అతనికి కొండాపూర్ నుంచి రావడం శ్రమే, కోడలికి పిల్లలతో ఆ రెండు రాత్రులు ఇబ్బందే. ఆమెతో కూడా మాట్లాడి, ఆమెకు వీలైన రోజులే పెట్టుకోండి. మీటింగులు ఎక్కువున్న రోజులు వద్దు. కానీ ఫ్లాటు అమ్మడం కన్నా ముందు ప్రయత్నించాల్సింది ఇది.

కొండాపూర్‌కు మారడం తప్పని నేను అనను. చేతి దగ్గర మనుషులుంటారు. కానీ పక్షవాతం వచ్చిన మనిషికి తెలిసిన గోడలు, తెలిసిన దారి పెద్ద ఆధారం. కొత్త ఇంట్లో మొదటి నెలల్లో పడిపోయే ప్రమాదం ఎక్కువ. మీకు మీ స్నేహితులు, పార్కు దూరమవుతాయి. అక్కడికి వెళ్లినా రాత్రి లేచేది మీరే అయితే ఏం మారినట్టు? మారాలనుకుంటే ఇక్కడి ఫ్లాటు అమ్మకుండా నెల, రెండు నెలలు ఉండి చూడండి. రాత్రి ఎవరు లేస్తారన్నది వెళ్లకముందే తేల్చుకోండి.

మీకు పిలుపు లేని రాత్రుల్లో కూడా మొదట్లో నిద్ర పట్టకపోవచ్చు. రెండేళ్లుగా చెవి ఆయన వైపే పెట్టి పడుకున్నారు, ఆ అలవాటు వెంటనే పోదు. ఇరవై నిమిషాలు దొర్లినా పట్టకపోతే లేచి హాల్లో మసక దీపం కింద కూర్చోండి, నిద్ర వస్తేనే మంచం ఎక్కండి. ఉదయం లేచే వేళ మాత్రం మార్చకండి. ఇలాంటి పద్ధతులన్నీ కలిపి సీబీటీ-ఐ అని నేర్పుతారు. పాతబడిన నిద్రలేమికి మాత్రల కన్నా ముందు దీన్నే ఇవ్వాలని 2016లో అమెరికా వైద్యుల కాలేజీ సిఫారసు చేసింది. నిమ్స్ ఆసుపత్రి లాంటి చోట నిద్ర సమస్యలు చూసే డాక్టరును అడగండి. మధ్యాహ్నం కునుకు అరగంట మించకుండా, మూడు లోపు. అమ్మాయి ఫోను రాత్రి పదిన్నరకు వస్తోందన్నారు. ఆమెకు ఉదయం ఆఫీసు మొదలయ్యే వేళకు మనకు ఏడు, ఎనిమిదవుతుంది, అప్పుడు చెయ్యమనండి. పెళ్లిళ్ల సీజనులో మీ వీధి చివర ఫంక్షన్ హాలు డీజే మోత గురించి రాశారు. మనిషి తోడున్న రాత్రి చెవుల్లో దూది పెట్టుకుని పడుకోండి. ఒక్కరే ఉన్న రాత్రి మాత్రం వద్దు.

ఇంట్లో మార్పులు ఫిజియోథెరపీ అబ్బాయి చూసి చెప్పగలడు. మంచం నుంచి బాత్రూము దాకా రాత్రంతా వెలిగే చిన్న లైట్లు, కమోడ్ పక్కన గోడకు బిగించిన పట్టుకునే కడ్డీ, జారే పట్టాలు తీసెయ్యడం, వదులు చెప్పులు మానడం. ఇవి ఈ వారమే చేయించండి. మందులకు ఉదయం, రాత్రి అరలున్న వారం డబ్బా కొని ఆదివారం పూట నింపుకోండి. అర ఖాళీగా ఉంటే ఇచ్చినట్టే, ఇక గుర్తుపెట్టుకునే పని మీ మెదడుకు వద్దు.

పిల్లలకు చెప్పాలా అని మీరు చాలా ఇబ్బందిగా అడిగారు. చెప్పకపోతే ఏమవుతుందో ముందు చెబుతాను. పిల్లలిద్దరికీ ఇప్పుడు కనబడుతున్నది మరపు ఒక్కటే. కారణం తెలియకపోతే వాళ్లు తమకు తోచిన కారణం పెట్టుకుంటారు, దాన్నిబట్టే నిర్ణయాలు చేస్తారు. డిమెన్షియా అనీ, ఫ్లాటు అమ్మాలనీ వాళ్లు అంటున్నది అందుకే. చెబితే కొన్నాళ్లు కంగారు పడతారు, రోజుకు నాలుగు ఫోన్లు చేస్తారు, అది మీకు విసుగ్గా ఉంటుంది. అయినా చెప్పడమే మంచిదని నాకనిపిస్తోంది. ఇద్దరినీ ఒకేసారి వీడియో కాల్‌లో కూర్చోబెట్టి జరిగింది వరసగా చెప్పండి: తల దెబ్బ, మాత్ర, నాన్న నేల మీద ఉండిపోయిన రాత్రి, రెండుసార్లు ఇచ్చిన బీపీ మాత్ర. ఆ వెంటనే మీకు కావలసింది కూడా చెప్పండి. "నాకు వారానికి ఇన్ని రాత్రుల నిద్ర కావాలి. నువ్వు రెండు రాత్రులు రా. నువ్వు అటెండెంట్ ఖర్చులో సగం పెట్టుకో. రెండు నెలల తర్వాత మెమరీ టెస్టుకు నేనే వస్తాను, ఇంటి సంగతి అప్పుడు మాట్లాడదాం." కష్టం మాత్రమే చెబితే వాళ్లకు ఏం చెయ్యాలో తోచదు, పని చెబితే చేస్తారు. డబ్బు సాయం అడగడం మీకు నామోషీగా ఉంటుందని తెలుసు. మీరిద్దరూ వాళ్లను పెంచినప్పుడు రాత్రుళ్లు లెక్కపెట్టుకోలేదు కదా. ఇప్పుడు వాళ్ల వంతు కొంత తీసుకోనివ్వండి.

మీ వారితో కూడా మాట్లాడాలి, పిల్లల కన్నా ముందే. ఆ రాత్రి ఆయన ఏమీ అనకపోవడాన్ని మీరు నిందగా తీసుకున్నారు. నాకు అలా అనిపించలేదు. నా వల్ల దీనికి నిద్ర లేకుండా పోయిందని ఆయన కూడా బాధపడుతూ ఉండవచ్చు, అందుకే లేపకుండా సొంతంగా లేవబోయి ఉండవచ్చు. అడిగి చూడండి. యూరిన్ పాట్, బెల్, అటెండెంట్ ఇవన్నీ ఆయన మీద రుద్దినట్టు కాకుండా ఆయనే ఒప్పుకుంటే సిగ్గు సగం తగ్గుతుంది.

చివరగా పార్కు. డాక్టరు స్కాన్, బీపీ చూసి సరేనన్నాక మొదలుపెట్టండి, మానేసి ఉండటం మంచిది కాదు. కదలకపోతే కాళ్లలో బలం పోయి తూలడం ఇంకా పెరుగుతుంది. ఉదయపు వెలుతురు కంట్లో పడితే రాత్రి నిద్ర వేళ కూడా కుదురుకుంటుంది. మొదటి రెండు వారాలు ఒక్కరే వెళ్లకండి, పాత స్నేహితురాళ్లలో ఎవరినైనా తోడు పిలవండి. నడిచేటప్పుడు ఫోన్ మాట్లాడకండి, కబుర్లు బెంచీ మీద కూర్చున్నాక చెప్పుకోండి. రాత్రి అసలు నిద్ర లేని రోజున పార్కు మానేసి, ఇంట్లోనే వంటగట్టు పట్టుకుని మడమలు ఎత్తి మునివేళ్ల మీద లేవడం, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం చెయ్యండి. మీ వారికి వ్యాయామం చేయించాక మీకూ పది నిమిషాలు కేటాయించి, ఒంటికాలి మీద నిలబడటం, ఒక పాదం ముందు ఇంకో పాదం పెట్టి నడవడం నేర్పమని ఆ ఫిజియోథెరపీ అబ్బాయికి చెప్పండి. మీరు పార్కుకు వెళ్లి వచ్చేదాకా ఆయన దగ్గర పనిమనిషి ఉండేలా ఆమెను అరగంట ముందే రమ్మని అడగండి, జీతంలో కొంత కలిపి ఇచ్చినా సరే.